నాణెం గుండ్రంగానే ఎందుకు?

రూపాయి బిళ్ళను చేతిలోకి తీసుకొన్నప్పుడు దాని విలువను గమనిస్తామే గాని, ఆకారాన్ని గురించి ఆలోచించము. ప్రపంచంలో అత్యధిక భాగం నాణేలు గుండ్రంగా ఉండడం కేవలం ఆచారమా? లేక దాని వెనుక సాంకేతిక కారణాలున్నాయా?

ఆచారమనడానికి మన చరిత్ర ఒప్పుకోదు. క్రీస్తుపూర్వపు విద్ధాంక నాణేలు వెండి రేకు నుండి కోసిన ముక్కలు. నిర్ణీత తూకం రావడానికి వాటి మూలలు కత్తిరించేవారు. అందుచేత వాటికి ఒక కచ్చితమైన ఆకారమే లేదు.

లోహం ఆదా అవుతుందన్న వాదన కూడ నిలువదు. చతురస్రపు బిళ్ళలను పక్కపక్కనే కోస్తే సిద్ధాంతరీత్యా తుక్కు మిగలదు. వృత్తాలను ఎంత దగ్గరగా పేర్చినా రేకులో 90.7 శాతానికి మించి వినియోగం కాదు. అయినప్పటికీ టంకశాల వృత్తాన్నే కోరుకొంటుంది.

అందుకు మొదటి కారణం అచ్చువేసే పద్ధతి. బిళ్ళ ఒక ఉక్కు కంకణంలో కూర్చోగా, పైనుండి, క్రిందనుండి అచ్చులు నొక్కుతాయి. గుండ్రని బిళ్ళ ఎటు తిరిగి పడినా కంకణంలో ఇముడుతుంది. ఒత్తిడికి లోహం కేంద్రం నుండి అన్ని దిక్కులకు సమానంగా పారుతుంది. అదే మూలలున్న బిళ్ళను సరియైన దిశలో అమర్చాలి. మూలల్లోకి లోహం పూర్తిగా చేరడం కూడ కష్టం.

రెండవది అంచు. అచ్చువేయడానికి ముందే బిళ్ళను దొర్లించి, అంచును కొద్దిగా గట్టులా లేపుతారు. చెలామణిలో ఆ గట్టే బొమ్మను అరుగుదల నుండి కాపాడుతుంది. వెండి, బంగారు నాణేల కాలంలో అంచును గోకి లోహం దొంగిలించేవారు. 1696లో న్యూటన్ లండన్ టంకశాలలో వార్డెన్‌గా చేరేనాటికి అక్కడ ఈ మోసం తీవ్రంగా ఉండేది. అంచు పొడవునా గీతలుంటే గోకిన చోటు వెంటనే బయటపడుతుంది.

మూడవది వాడుక. మూలలు త్వరగా అరుగుతాయి, జేబులను చింపుతాయి. గుండ్రని నాణెం లెక్కించే యంత్రంలో సాఫీగా దొర్లుతుంది.

ఇన్ని సౌకర్యాలున్నా మన టంకశాలలు వృత్తాన్ని తరచుగా విడిచిపెట్టాయి. అణాకు పూరేకుల వంటి అంచు, బేడకు చతురస్రం ఉండేవి. దశాంశ పద్ధతి వచ్చిన 1957 తరువాత అయిదు పైసలు చతురస్రంగా, పది పైసలు పూరేకుల అంచుతో, 1964లో మూడు పైసలు షట్కోణంగా వెలువడినాయి. చీకట్లో సైతం వేలితో తడిమి విలువ తెలుసుకొనే వీలు ఉండేది. పావలా, అంతకు తక్కువ నాణేలు 2011 జూన్ 30తో చెలామణి నుండి తొలగిపోయాయి.

ఈ వైవిధ్యం తగ్గినప్పుడు నష్టపోయేది ముఖ్యంగా చూపు లేనివారు. 1992 నుండి పదకొండు భుజాలతో వచ్చిన రెండు రూపాయల నాణెం, 2004 తరువాత గుండ్రని ఉక్కు బిళ్ళగా మారింది. అప్పటికే రూపాయి కూడ గుండ్రని ఉక్కు బిళ్ళే. బస్సులో చిల్లర తీసుకొనే అంధునికి ఇది చిన్న విషయం కాదు. 2019లో విడుదలైన నాణేల వరుసను అంధుల సౌకర్యాన్ని దృష్టిలో ఉంచుకొని రూపొందించారు. అందులో ఇరవై రూపాయలది పన్నెండు భుజాల నాణెం.

యంత్రపు అవసరం, మనిషి అవసరం రెండూ పొసగవా? 1969లో బ్రిటన్ తెచ్చిన యాభై పెన్నీల నాణెం ఇందుకు సమాధానం. దానికి వంపు తిరిగిన ఏడు భుజాలున్నాయి. ఎటునుండి కొలిచినా వెడల్పు ఒక్కటే కనుక యంత్రంలో వృత్తంలాగే దొర్లుతుంది. వేలికి మాత్రం మూలలు తగులుతాయి.

ఏ వస్తువును రూపొందించినా, తయారీలోని సులువుతో పాటు దానిని చివరకు పట్టుకొనే చేతిని కూడ లెక్కలోకి తీసుకోవాలని ఈ చిన్న బిళ్ళ మన ఇంజనీర్లకు గుర్తుచేస్తుంది.