మనోవేదనకు పరిహారము: నికోబారు కుటుంబము

తెలుగున ‘పరిహారము’ అనగా తొలగించుట. గ్రహదోషమునకు జరుపు శాంతియు పరిహారమే. న్యాయస్థానము ఇప్పించు ధనమును పరిహారమే. పోయిన సొత్తునకు వెల కట్టవచ్చును, ఆగిన సంపాదనను లెక్కింపవచ్చును. ఆప్తుని మరణమువలన కలిగిన దుఃఖమును తొలగించు ధనము మాత్రము లేదు. మరి ఆ దుఃఖమునకు చట్టమున స్థానమేది?

ప్రాణహాని విషయమున 1846 నాటి ఆంగ్లచట్టము ధననష్టమునకే వర్తించుననియు, మనోవేదనకు వర్తింపదనియు ఇంగ్లండు న్యాయస్థానము 1852లో బ్లేక్ వ్యాజ్యమున నిర్ణయించెను. భారతదేశమునకై 1855లో చేయబడిన చట్టము ఆ ఆంగ్లచట్టమును అనుసరించినదే.

కాలక్రమమున ఈ దృష్టి మారినది. మోటారు ప్రమాద మృతుల విషయమున సుప్రీంకోర్టు 2017లో ప్రణయ్ సేఠీ తీర్పునందు సాహచర్యనష్టమునకు 40,000 రూపాయలు నిర్ణయించి, మూడేండ్ల కొకసారి దానిని నూటికి పదివంతున పెంచవలెనని చెప్పెను. 2018లో మాగ్మా తీర్పు ఈ సాహచర్యమును మూడు విధములుగ విభజించెను: దంపతులలో ఒకరిని కోల్పోయిన రెండవవారిది, తలిదండ్రులను కోల్పోయిన బిడ్డలది, బిడ్డలను కోల్పోయిన తలిదండ్రులది. ప్రేమానురాగముల నష్టము ఇందే అంతర్భూతము కావున దానిని వేరుగ లెక్కింపరాదని 2020లో అదే న్యాయస్థానము స్పష్టము చేసెను.

కలకత్తా హైకోర్టు అధికారము 1953 నాటి చట్టముచే అండమాన్, నికోబారు దీవులకు విస్తరించినది. సుప్రీంకోర్టు తీర్పులు అచ్చటను శిరోధార్యములే. కాని పై మూడు విధములును భార్యాభర్తలు, తలిదండ్రులు, బిడ్డలు అను చిన్న కుటుంబమును ఆధారము చేసికొన్నవి. కార్ నికోబారునందు కుటుంబమనగా ‘తుహెట్’. పలు తరముల బంధువులు దానికి చెందుదురు. భూమియు కొబ్బరితోటలును దాని ఉమ్మడి సొత్తు.

ఈ భేదము 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత బయటపడినది. ప్రకృతివిపత్తునకు ప్రతివాది లేడు. కావున అప్పుడు లభించినది వ్యాజ్యమున గెలిచిన పరిహారము కాదు, ప్రభుత్వము దయతో నిచ్చు ఎక్స్‌గ్రేషియా. అయినను ప్రశ్న ఒక్కటే: మృతునికి ఎవరు ఆప్తులు? సహాయధనము ప్రధానముగ చిన్న కుటుంబముల పేరిట పంచబడినది. తత్ఫలితముగ ఉమ్మడి దుఃఖము విడివిడి ఖాతాలకు చేరినది. తుహెట్ కట్టుబాటు సడలినది.

దుఃఖమునకు వెల నిర్ణయించుటకన్న దుఃఖితులెవరో నిర్ణయించుట కష్టతరము. సాహచర్యమను మాటకు చట్టము చెప్పు అర్థము బంధుత్వమునకు హద్దు గీయుచున్నది. ఆ హద్దు ఆవల నిలిచినవారి వేదన వేదన కాకపోదు. దానికి చట్టమున పేరు లేదు, అంతియే.