ఆరడుగుల నేల

మనిషికి తుదకు కావలసినది ఆరడుగుల నేలయే యని పెద్దలందురు. ఆ ఆరడుగుల నేలకొరకు తరతరములు వేచియుండిన ప్రజలు స్విట్జర్లాండు దేశమున ఒకప్పుడు ఉండిరి.

ఆ దేశపు ఉత్తరభాగమున, ఆర్గావ్ రాష్ట్రములో, సుర్బ్ అను చిన్న యేటి లోయలో ఎండింగెన్, లెంగ్నౌ అను రెండు గ్రామములు కలవు. ఆ రెంటిని కలుపు బాట ప్రక్కన, చెట్ల నీడలో, హెబ్రూ లిపి చెక్కిన రాళ్లు వరుసలుగా నిలిచియున్నవి. అది 1750లో ఏర్పడిన యూదుల శ్మశానవాటిక.

యూదులు ఈ పల్లెల కేల వచ్చిరి? 1349లో ప్లేగు వ్యాధి ప్రబలినపుడు, నూతులలో విషము కలిపిరను అపవాదు మోపి బాసెల్, జ్యూరిచ్ నగరములలో వారిని సజీవముగా కాల్చిరి. తరువాతి కాలమున తక్కిన నగరముల వారును వారిని వెళ్లగొట్టిరి. 17వ శతాబ్దిలో బాడెన్ సీమలో వారికి కొంత ఆశ్రయము లభించెను. స్విస్ రాజ్యములు కొన్ని కలిసి ఆ సీమను ఉమ్మడిగా ఏలుచుండెడివి. పాలకులు ధనము గైకొని రక్షణపత్రము లిచ్చెడివారు. గడువు తీరగానే మరల ధనము చెల్లింపవలెను. 1776లో ఈ రెండు గ్రామములలో తప్ప వేరెక్కడను యూదులు నివసింపరాదని శాసించిరి. వారికి పొలము కొను హక్కు లేదు. చేతివృత్తుల సంఘములలో చోటు లేదు. పశువుల బేరము, ఊరూర తిరిగి సరుకు లమ్ముట మాత్రమే మిగిలెను. యూదులును క్రైస్తవులును ఒకే వాకిట మెలగరాదను కట్టడి మూలమున ఇండ్లకు ప్రక్కప్రక్కనే రెండు ద్వారములు పెట్టిరని చెప్పుదురు. అట్టి యిండ్లు నేటికిని అక్కడ కానవచ్చును.

బ్రతికినవారికే నేల లేనప్పుడు చనిపోయినవారి కెక్కడిది? రైన్ నదిలోని ఒక లంక వారికి శ్మశానమయ్యెను. శవమును కొన్ని కోసుల దూరము తీసికొనిపోయి, పడవపై దాటింపవలెను. నది పొంగినచో లంకకు ముంపు తప్పదు. యూదుల ధర్మమున సమాధి శాశ్వతము. ఒకసారి పూడ్చినవారిని కదల్చరాదు. ఆ దేశపు సామాన్య శ్మశానములలో 20, 25 ఏండ్లు గడచిన పిదప సమాధిని తొలగించి, ఆ చోటు వేరొకరి కిత్తురు. యూదులకు అది చాలదు. కావుననే రెండు గ్రామముల నడుమ శ్మశాన మేర్పరచుకొనుటకు 1750లో లభించిన అనుమతి వారికి పెన్నిధి వంటిదయ్యెను. ఇంట నివసించుటకు గడువు కలదు. సమాధిలో నిద్రించుటకు గడువు లేదు.

1802లో పొరుగూళ్లవారు పైబడి ఈ గ్రామములను దోచిరి. అయినను జనము పెరిగెను. 1850 నాటికి రెండు గ్రామములలో సుమారు 1500 మంది యూదులుండిరి. లెంగ్నౌలో 1847లోను, ఎండింగెన్‌లో 1852లోను నూతన ప్రార్థనామందిరములు వెలసెను. ఎండింగెన్‌లో ఊరికి వేళ తెలుపు గడియారము ఉన్నది యూదుల మందిరముపైననే.

1862లో ఆర్గావ్ శాసనసభ యూదులకు హక్కులిచ్చు చట్టము చేసెను. ప్రజలు ఆగ్రహించి, ఓటు వేసి ఆ సభనే దించిరి. పిదప చట్టమును త్రోసిపుచ్చిరి. 1864లో ఫ్రాన్సుతో జరిగిన ఒడంబడిక వలన ఫ్రెంచి యూదులకు స్విట్జర్లాండులో ఎక్కడనైనను నివసించు హక్కు కలిగెను; స్వదేశపు యూదులకు మాత్రము లేదు! ఈ వైపరీత్యము ఎల్లరకు కనువిప్పయ్యెను. 1866 జనవరిలో తొమ్మిది రాజ్యాంగ సవరణలను ప్రజల ముందుంచగా, యూదులకు నివాసస్వేచ్ఛ నిచ్చు సవరణ యొక్కటే నెగ్గెను. మత స్వాతంత్ర్యము 1874లో లభించెను. ఒక రాష్ట్రమున హక్కును కాలరాచినదియు ఓటే; నాలుగేండ్లకు దేశమంతట దానిని నిలిపినదియు ఓటే. ప్రజాస్వామ్యమును బోధించు ఉపాధ్యాయులకు ఇంతకు మించిన పాఠ మేమి కావలెను?

స్వేచ్ఛ రాగానే గ్రామములు ఖాళీ యయ్యెను. జనులు బాడెన్, జ్యూరిచ్ మొదలగు నగరములకు తరలిపోయిరి. అంతకు పూర్వమే, 1847లో, లెంగ్నౌ నుండి అమెరికాకు వలసపోయిన మేయర్ గుగ్గెన్‌హైమ్ గనుల వ్యాపారమున కోటీశ్వరుడయ్యెను. న్యూయార్కులోని సుప్రసిద్ధ కళాప్రదర్శనశాల ఆయన కుమారుడు సొలొమన్ పేర వెలసినదే. స్విస్ పౌరుల పత్రములలో పూర్వికుల స్వగ్రామము పేరుండును. ఎండింగెన్ పేరుగల రూత్ డ్రైఫుస్ 1993లో కేంద్ర మంత్రిమండలికి ఎన్నికైరి. 1999లో దేశాధ్యక్షపదవి నధిష్ఠించిన మొదటి మహిళయైరి. పూర్వము రెండూళ్లు దాటి నివసించు హక్కులేని జనసమూహమునకు చెందిన వ్యక్తికి ఆ గౌరవము దక్కెను.

లంకలో మిగిలిన అస్థులను, రాళ్లను 1954-55లో ఈ శ్మశానమునకే చేర్చిరి. 2009లో ఈ ప్రదేశములను చూపు సాంస్కృతిక పథము నేర్పరచిరి. యూదులు సమాధిపై పూలుంచుటకు మారు చిన్నరాయి నుంచుదురు. పువ్వు వాడును, రాయి నిలుచును. ఇండ్లు వీడి పోయినవారి సంతతికి తమ పూర్వుల గ్రామమున మిగిలిన స్థిరనివాసము ఆ సమాధులే.