మీకు తెలుసా? పైపు తీసేస్తే మడుగు తిరిగొస్తుంది!

అమెరికాలోని అయోవా రాష్ట్రం ఒకప్పుడు చాలా భాగం మనిషెత్తు గడ్డి పెరిగే ప్రెయిరీ మైదానం. ఇప్పుడు అందులో వెయ్యో వంతు కూడా మిగల్లేదు. మిగతాదాంట్లో ఎక్కువ భాగం మొక్కజొన్న, సోయాబీన్ పొలాలే. ఆ నేల దాదాపుగా రైతులు, ఇతర ప్రైవేటు యజమానుల సొంతం కనుక, పక్షులకు చోటు దొరకాలన్నా వాళ్లు ఒప్పుకోవాల్సిందే.

అక్కడి మడుగులు హిమానీనదాలు కరిగిపోతూ వదిలిన పల్లాలు. సేద్యం కోసం పాతకాలం రైతులు భూమిలో మట్టి గొట్టాలు పరిచి ఆ నీటిని బయటికి పంపేశారు. ఇప్పుడు తవ్వి కొంత గొట్టం తీసేసి, చిన్న కట్ట వేస్తే చాలు, వానలకు పల్లం మళ్లీ నిండుతుంది. అసలు అద్భుతం ఆ తర్వాతే. బురదలో ఏళ్ల తరబడి నిద్రపోయిన తుంగ, రెల్లు వంటి మొక్కల విత్తనాలు వాటంతటవే మొలకెత్తుతాయి! అయితే నేల ఎంత ఎక్కువ కాలం ఎండితే అవి అంత తగ్గిపోతాయి. అందుకే ఆలస్యం చేయకూడదు.

నీళ్లొక్కటే సరిపోవు. చాలా రకాల బాతులు గూడు కట్టేది చుట్టూ ఉన్న గడ్డిలోనే. ఆ గడ్డిని పొదలు, చెట్లు కమ్మేయకుండా కొన్నేళ్లకోసారి జాగ్రత్తగా నిప్పు పెడతారు. గడ్డి వేర్లు లోతున భద్రంగా ఉంటాయి కాబట్టి మళ్లీ చిగురిస్తుంది.

రైతుకూ లాభమే. పొలంలో పదో వంతును ప్రెయిరీ పట్టీలుగా మార్చిన చోట మట్టి కోత దాదాపు 95 శాతం తగ్గిందని అయోవా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు తేల్చారు. మడుగులను, గడ్డినేలలను ఇలా తిరిగి తెచ్చే పనులకు అమెరికా కేంద్ర ప్రభుత్వ వన్యప్రాణి శాఖ 1987 నుంచీ డబ్బు, సాంకేతిక సాయం అందిస్తోంది. భూమి మాత్రం రైతుదే.