కొలిమి లేని గాజు

మురానో పూసల్లోని పూలు, కోణం మారితే రంగు మారే డైక్రోయిక్ గాజు... వీటి పోలికలతో పాలిమర్ క్లే నగలు తయారవుతున్నాయి. అంతా ఓవెన్ వేడిలోనే. ఆ పనితనం వెనక సంగతులివి.

గాజును అనుకరించే నగలు అనగానే పెదవి విరిచేవాళ్లుంటారు. వాళ్లకు ముందు ఒక పాత సంగతి చెప్పాలి. గాజు కూడా మొదట్లో నకలు సరుకే. ఈజిప్టు ఫరో టూటంకామన్ బంగారు ముసుగు ఫొటో చూడనివాళ్లు అరుదు. ఆ తలగుడ్డ మీది నీలం చారలు రాళ్లు కావు, నీలం రంగు గాజు. లాపిస్ లాజులి అనే నీలిరాయి కావాలంటే ఎక్కడో అఫ్గానిస్థాన్‌లోని బదఖ్‌షాన్ కొండల నుంచి ఈజిప్టు దాకా మోసుకురావాలి. అందుకే 3,300 ఏళ్ల కిందట ఫరో ముఖానికి సైతం రాయి పక్కన గాజును కూర్చారు. మెసొపొటేమియా వాళ్లు దీన్ని దాచుకోనూ లేదు. కొండ నుంచి వచ్చిన నీలిరాయి ఒకటి, కొలిమి నుంచి వచ్చిన నీలిరాయి ఒకటి అని మట్టిపలకల మీద వేరువేరుగా రాసిపెట్టుకున్నారు. 15వ శతాబ్దానికి వెనిస్ పనివాళ్లు చారల రాయిని పోలిన గాజు, స్ఫటికాన్ని పోలిన గాజు చేసి యూరప్ రాజులకు అమ్మారు.

ఇప్పుడు ఒక ప్లాస్టిక్ ముద్ద అదే గాజు వేషం కడుతోంది.

క్లే అంటున్నాం గానీ పాలిమర్ క్లేలో మట్టి ఉండదు. నీళ్ల పైపుల్లో వాడే పీవీసీయే పొడి రూపంలో ఉంటుంది. దాన్ని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ అనే ద్రవం, కొంత పూరకం, రంగులు... ఇంతే సరుకు. గాలికి ఆరదు. 110 నుంచి 150 డిగ్రీల సెల్సియస్ మధ్య, రకాన్ని బట్టి, ఓవెన్‌లో కాలిస్తే పీవీసీ రేణువులు ఆ ద్రవాన్ని పీల్చుకుని ఉబ్బి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి గట్టిపడతాయి. పూసలు చేసేవాళ్లు గాజును మెత్తబరచడానికి వాడే మంట వేడితో పోలిస్తే ఇది ఏ మూలకూ రాదు.

ఈ ముద్ద చరిత్ర బొమ్మల దగ్గర మొదలవుతుంది. 1930ల చివర జర్మనీలో బొమ్మల తయారీకి పేరుపడ్డ కేటె క్రూజె దగ్గరికి ఇలాంటి పదార్థం ఒకటి వచ్చింది. ఆమె కార్ఖానాకు అది పనికిరాలేదు. ఇంట్లో ఫిఫి అని పిలుచుకునే కూతురు దాన్ని పట్టుకుని ప్రయోగాలు చేసింది, తర్వాత సొంతంగా అమ్మింది. 1964లో ఎబర్‌హార్డ్ ఫాబర్ కంపెనీ దాని హక్కులు కొనుక్కుని ఫిమో పేరుతో బజారులోకి తెచ్చింది. అటు అమెరికాలో స్కల్పీ అనే ఇలాంటి ముద్దే వచ్చింది. చాలాకాలం రెండూ పిల్లల బొమ్మల సరుకుగానే చెలామణీ అయ్యాయి. 1980ల్లో పియెర్ వుల్కోస్, ఫిలడెల్ఫియా జంట స్టీవెన్ ఫోర్డ్, డేవిడ్ ఫోర్లానో లాంటి కళాకారులు ఈ ముద్దతో వెనిస్ పూసల పద్ధతిని పట్టుకున్నాక దాని దశ తిరిగింది. 1991లో నాన్ రోష్ రాసిన ‘ది న్యూ క్లే’ పుస్తకం ఆ పనిని ఇళ్లలోకి తీసుకెళ్లింది.

లాగితే సన్నబడే పువ్వు

వాళ్లు పట్టుకున్న ఆ పద్ధతి మిల్లెఫియోరి. రోమన్ల కాలం నుంచే ఉంది. రంగురంగుల గాజును పొరలుగా పేర్చి, అడ్డంగా కోస్తే పువ్వు కనబడేలా ఒక లావుపాటి దుంగ కడతారు. వేడి మీద దాన్ని రెండు వైపులా లాగితే సన్నటి కడ్డీ అవుతుంది. విచిత్రమేమంటే లోపలి పువ్వు చెదరదు, అలాగే చిన్నదవుతుంది. ఆ కడ్డీని బిళ్లలుగా కోసి పూస మీద అతికిస్తారు. అగ్నిప్రమాదాల భయంతో 1291లో వెనిస్ తన గాజు కొలుములను మురానో దీవికి తరలించిన సంగతి తెలిసిందే. మధ్యలో మరుగున పడ్డ ఈ రోమన్ పనిని 19వ శతాబ్దంలో అక్కడి విన్‌చెంజో మొరెట్టి వంటివాళ్లు మళ్లీ బతికించారు.

క్లేలో ఈ పని అచ్చం ఇలాగే జరుగుతుంది. నా దృష్టిలో గాజు అనుకరణల్లో అన్నిటికన్నా నిజాయతీ గలది ఇదే. ఎందుకంటే ఇక్కడ నకలు చేస్తున్నది గాజు మెరుపును కాదు, గాజు పనివాడి చేతిని. మధ్యలో పసుపు కడ్డీ, చుట్టూ రేకులు, రేకుల సందుల్లో ముదురు రంగు, పైన ఒక చుట్టు. దీన్ని కేన్ అంటారు. 5 సెంటీమీటర్ల వ్యాసం, 5 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న కేన్‌ను నొక్కుతూ, లాగుతూ 1 సెంటీమీటరు వ్యాసానికి తెస్తే పొడవు 125 సెంటీమీటర్లవుతుంది. లెక్క సులువే. వ్యాసం ఐదో వంతుకు తగ్గితే పొడవు ఇరవై అయిదింతలు పెరగాలి. 2 మిల్లీమీటర్ల మందాన కోస్తే ఆరు వందలకు పైగా పూలు. చివర్లు కొంత వంకరపోయి వృథా అవుతాయి, అది ముందే లెక్కలో వేసుకోవాలి.

కొత్తవాళ్లు తడబడేది రెండుచోట్ల. ఒకటి, కేన్‌లోని రంగులన్నీ ఒకే మెత్తదనంలో ఉండాలి. తెలుపు మెత్తగా, నలుపు గట్టిగా ఉంటే లాగేటప్పుడు పువ్వు నలిగిపోతుంది. రెండు, రంగుల మధ్య తేడా కొట్టొచ్చినట్టు ఉండాలి. పెద్ద దుంగలో అందంగా కనబడ్డ లేత గులాబీ, ముదురు గులాబీ సన్నబడ్డాక కలిసిపోయి ఒకే మరకవుతాయి. రేకులో లేత నుంచి ముదురుకు జారే రంగు కావాలంటే జుడిత్ స్కిన్నర్ పేరుతో ప్రసిద్ధమైన మార్గం ఉంది. రెండు రంగుల ముక్కోణాలను పక్కపక్కన పెట్టి, పాస్తా మెషీన్‌లో ప్రతిసారీ ఒకే వైపుకు మడిచి తిప్పుతూ పోవడమే. ఇరవై, పాతిక సార్లు తిప్పేసరికి గీత మాయమవుతుంది. కోసే ముందు కేన్‌ను కాసేపు ఫ్రిజ్‌లో పెడితే బిళ్ల నొక్కుకుపోదు.

గాజును లాగడం అనగానే మన ఊరి పేరొకటి చెప్పుకోవాలి. తిరుపతి జిల్లా ఏర్పేడు మండలంలో పాపానాయుడుపేట ఉంది. గాజు ముద్దను ఇనుప గొట్టానికి శంఖువులా పట్టించి, కొలిమి అవతలి పక్క నుంచి గంటల తరబడి సన్నటి గాజు గొట్టాన్ని లాగే పని అక్కడి కుటుంబాలకు తెలుసు. లోపలి బెజ్జం చివరిదాకా మూసుకుపోదు. ఆ గొట్టాన్ని చిన్న ముక్కలు చేసి, బూడిదతో కలిపి మళ్లీ వేడిచేస్తే అంచులు నున్నబడి పూసలవుతాయి. పుదుచ్చేరి పక్క అరికమేడు నుంచి ఆగ్నేయాసియా, తూర్పు ఆఫ్రికా దాకా దొరికే పాత పూసల్లో చాలామటుకు ఇలా లాగి చేసినవే. పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ వాటికి ఇండో పసిఫిక్ పూసలని పేరు పెట్టారు. ఆ పురాతన పనిని 20వ శతాబ్దపు చివరి దశాబ్దాల్లో కళ్లారా చూడటానికి పరిశోధకులు వెతుక్కుంటూ వచ్చింది పాపానాయుడుపేటకే. క్లేకు మాత్రం బెజ్జం నిలిచే ఆ వరం లేదు. లాగితే బెజ్జం మూసుకుపోతుంది, పూస చేశాక సూదితో గుచ్చుకోవాల్సిందే.

నల్లటి అడుగు మీద రంగుల ఆట

బ్రిటిష్ మ్యూజియంలో లైకర్గస్ కప్పు అని 4వ శతాబ్దపు రోమన్ పాత్ర ఒకటుంది. ముందు నుంచి వెలుతురు పడితే ఆకుపచ్చ, లోపల దీపం పెడితే ఎరుపు. గాజులో కలిసిన అతి సూక్ష్మమైన బంగారం, వెండి రేణువుల మహిమ అది. ఇప్పుడు నగల్లో కనిపించే డైక్రోయిక్ గాజు దారి వేరు. గాలి తీసేసిన గదిలో సిలికా, లోహ ఆక్సైడ్లను ఆవిరి చేసి గాజు మీద పొర మీద పొరగా పేరుస్తారు. అందులో రంగు పదార్థమేమీ ఉండదు. పలుచని పొరల మధ్య కాంతి తరంగాలు ఒకదాన్నొకటి బలపరచుకోవడం, చెరుపుకోవడం వల్ల పుట్టే రంగు అది. నీటి మీద నూనె తెట్టులో కనిపించే రంగులకూ కారణం ఇదే. అందుకే కోణం మారితే రంగూ మారుతుంది.

ఓవెన్‌లో కాల్చే ముద్దతో ఇది సాధ్యమా? అనుకున్నదానికన్నా ఎక్కువే సాధ్యం. కారణం నల్లటి అడుగులో ఉంది. నల్ల గాజు మీద వేసిన డైక్రోయిక్ పొర రంగు అంతా పైపైనే తిరిగి వస్తుంది, లోతు అక్కర్లేదు. క్లేకు లేనిది లోతు కాబట్టి ఇక్కడ దాని లోటు బయటపడదు.

పని ఇలా నడుస్తుంది. నల్ల క్లేను 2 మిల్లీమీటర్లకు మించకుండా పలకగా ఒత్తుతారు. దాని మీద రాగి, ఇత్తడి లేదా అల్యూమినియంతో చేసిన పలుచని లోహపు రేకు పరుస్తారు. ఆ రేకు మీద నీలం, ఊదా, ఆకుపచ్చ ఆల్కహాల్ ఇంకుల చుక్కలు వేసి పూర్తిగా ఆరనిస్తారు. ఆరిన పలకను పాస్తా మెషీన్‌లో ఇంకాస్త సన్నంగా తిప్పితే క్లే సాగుతుంది, రేకు సాగలేక పగులుతుంది. ఆ పగుళ్లలోంచి నలుపు తొంగిచూస్తుంది. అక్కడ వేలికొనతో ఇంటర్‌ఫెరెన్స్ మైకా పొడి అద్దుతారు. ఈ పొడి సంగతి విడిగా చెప్పాలి. అభ్రకపు రేణువుల మీద టైటానియం డయాక్సైడ్ పూత వేసి దీన్ని చేస్తారు. పూత మందాన్ని బట్టి రంగు. తెల్లటి క్లే మీద రాస్తే దాదాపు కనబడదు, నల్లటి క్లే మీద భగ్గుమంటుంది. అంటే డైక్రోయిక్ గాజులో ఏ సూత్రం పనిచేస్తుందో ఈ పొడిలోనూ అదే పనిచేస్తోంది. ఇది చూశాక దీన్ని ఉత్త వేషం అనబుద్ధి కాదు.

ఆ పలకను ముక్కలుగా కోసి, ఇంకో నల్ల పలక మీద అమర్చి కాలుస్తారు. పైన గాజు తొడుగు కోసం రెండు దారులు. ఒకటి ద్రవరూపంలో దొరికే క్లేను పలుచగా పూసి, కాల్చి, మళ్లీ పూసి కాల్చడం. రెండోది యూవీ రెజిన్‌ను బొట్టులా పోసి దీపం కింద గట్టిపరచడం. రెజిన్ ఒక్క దెబ్బకు గాజు నిగారింపు తెచ్చేస్తుంది. కానీ అప్పుడు కంటికి కనిపించే గాజుతనమంతా రెజిన్‌దే. ద్రవ క్లే పొరల్లో కాస్త మబ్బు మిగిలినా నాకు అదే ఇష్టం. గట్టిపడని రెజిన్ కొందరి చర్మానికి పడదు, చేతికి తొడుగు తప్పనిసరి.

పారదర్శకత దగ్గర చిక్కు

క్లే నిజంగా ఓడిపోయేది స్వచ్ఛమైన గాజు ముందు. పీవీసీ, మామూలు గాజు కాంతిని వంచే తీరులో పెద్ద తేడా లేదు, రెండింటి వక్రీభవన గుణకమూ 1.5 పైనే. చిక్కంతా పూరకాలతో, పూర్తిగా కలిసిపోని రేణువుల అంచులతో. కాంతి వాటి దగ్గర చెల్లాచెదురవుతుంది. అందుకే ట్రాన్స్‌లూసెంట్ క్లేలో అవతలి వస్తువు నీడలా కనబడుతుందే తప్ప స్పష్టంగా కనబడదు. సగం మిల్లీమీటరు పలుచన చేసి, ఓవెన్ నుంచి తీసిన వెంటనే ఐసు నీళ్లలో వేస్తే కొంత తేటపడుతుంది. వేడి ఎక్కువైతే పసుపు తిరుగుతుంది, కాబట్టి కాల్చేటప్పుడు పైన రేకు కప్పాలి. లేత ఆకుపచ్చ రోమన్ గాజు, సముద్రం నునుపు చేసిన గాజు ముక్కలు లాంటివి దీనికి నప్పుతాయి, ఎందుకంటే అవి ఎలాగూ మబ్బుగానే ఉంటాయి. నీటిబొట్టులాంటి తేటైన పూస కావాలంటే గాజే కొనుక్కోండి.

తర్వాత అసలు చాకిరీ. 400 నంబరు ఎమరీ పేపరుతో మొదలుపెట్టి 600, 800, 1000, 2000 దాకా నీళ్లలోనే రుద్దాలి. నీళ్లు లేకపోతే పొడి గాలిలో లేచి ముక్కులోకి పోతుంది. చివర్లో పాత జీన్స్ గుడ్డతో తోమితే వచ్చే నునుపు ఏ వార్నిష్‌కూ రాదు. తొందరపడి గోళ్ల రంగు పూస్తే మాత్రం అందులోని ద్రావకం క్లేను తినేస్తుంది, నెలలు గడిచినా జిగురుగానే ఉంటుంది.

మన ఎండలు కూడా ఈ పనికి శత్రువులే. పచ్చి క్లే ప్యాకెట్ రోహిణి కార్తెలో ఎండకు నిలిపిన కారులో ఉండిపోతే కాల్చకముందే పిండి పిండిగా రాలుతుంది. వేసవిలో తెప్పించుకోవాల్సి వస్తే నీడపట్టున, వీలైతే చల్లటి గదిలో దాచుకోవాలి. ఓటీజీ గుండీ చూపే అంకెను నమ్మొద్దు. లోపల ఓవెన్ థర్మామీటర్ పెట్టుకోవాలి. మాడితే పీవీసీ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, ఊపిరికి హాని. పొగ కనబడితే ఓవెన్ ఆపి, కిటికీలు తీసి, పిల్లల్ని బయటకు పంపాలి. మైక్రోవేవ్‌లో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. కేకులు చేసే ఓవెన్‌ను ఈ పనికి వాడకుండా ఉంటే మంచిది.

చీటీ మీద ఏం రాయాలి?

ఇక అమ్మకం. గాజు, క్లే పక్కపక్కన ఉంటే కన్ను మోసపోవచ్చు, చెయ్యి మోసపోదు. గాజు తాకగానే చల్లగా తగులుతుంది, బరువుగా ఉంటుంది, పంటికి తాకిస్తే టక్కుమంటుంది. క్లే వెచ్చగా, తేలిగ్గా ఉంటుంది. పెద్ద లోలకులు పెట్టుకుని రోజంతా తిరిగే ఆడవాళ్లకు ఆ తేలికదనమే సుఖం. కింద పడితే పగలదు. ఇవి క్లే సొంత గుణాలు, గాజు పేరు చెప్పుకుని అమ్మాల్సిన అవసరమేమీ లేదు. లాడ్‌బజార్ లక్కగాజులను చూడండి. లక్కని చెప్పే అమ్ముతారు, లక్కని తెలిసే కొంటారు. 2024లో హైదరాబాద్ లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. సియాటిల్‌లో సింథియా టూప్స్ క్లే పని చేస్తే, డాన్ ఆడమ్స్ గాజు పూసలు చేస్తారు. ఇద్దరి పనీ కలిసి ఒకే హారంలో కూర్చుంటుంది. అక్కడ ఏది ఏదని ఎవరూ దాచరు.

కాబట్టి ఎగ్జిబిషన్ బల్ల మీదో, ఫోన్‌లోనో ‘మురానో’ అని రాసి తక్కువ ధరకు అమ్ముతుంటే సూటిగా అడగండి, ఇది గాజా, క్లేనా అని. చేసేవాళ్లకూ ఒక మాట. చీటీ మీద మీ పేరు రాయండి, దాని కింద ‘పాలిమర్ క్లే’ అని రాయండి, గంటల పనికి తగ్గ ధర వేయండి.