తెలుగు టైపుకు బయటి కీబోర్డు అవసరమా?

కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలలో స్థిరపడిన తెలుగువారిలో చాలామందికి తమ లిపిని కంప్యూటరులో టైపు చేయడం నేర్పేవారు దగ్గరలో ఉండరు. అందుచేత దొరికినచోటినుంచి ఏదో ఒక కీబోర్డు సాఫ్ట్‌వేరు తెచ్చి ఎక్కించుకుంటారు. అపాయం అక్కడే ఉంది.

మనం నొక్కే ప్రతి అక్షరమూ కీబోర్డు సాఫ్ట్‌వేరు గుండానే పోతుంది. బంధువులకు రాసే ఉత్తరమైనా, బ్యాంకు పాస్‌వర్డయినా దానికి ఒకటే. బయటి కీబోర్డును అమర్చేటప్పుడు ఆండ్రాయిడ్ ఫోను ఈ సంగతినే హెచ్చరిస్తుంది. చాలామంది చదవకుండానే సరేనంటారు. తయారీదారుకు దురుద్దేశం లేకున్నా అజాగ్రత్త చాలు. 2017 డిసెంబరులో ఏఐ.టైప్ అనే కీబోర్డు సంస్థ డేటాబేసుకు పాస్‌వర్డు లేకపోవడంతో సుమారు 3.1 కోట్లమంది వివరాలు బయటపడ్డాయి.

'క్రాక్' ప్రతులు మరీ ప్రమాదకరం. వాటిలో కొన్ని వైరస్ నిరోధక సాఫ్ట్‌వేరును ముందుగా ఆపమంటాయి. కావలివాణ్ణి పంపేసి తలుపు తీయమనడమే అది.

నిజానికి తెలుగుకు 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే చోటు దక్కింది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పి మొదలుకొని తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు విండోస్‌లోనే ఉంది. సెట్టింగులలోని భాషల పట్టికలో తెలుగును చేర్చుకుంటే చాలు. ద్విభాషులకు మరొక సౌకర్యం: ఇన్‌స్క్రిప్టులో తెలుగు, కన్నడ, తమిళం, ఒడియా, మరాఠీలన్నిటికీ 'క' ఒకే మీటమీద ఉంటుంది. ఒక లిపికి వేళ్ళు అలవాటుపడితే రెండోది సులువు.

కొత్తది తెచ్చుకునే ముందు, కావలసినది మన యంత్రంలోనే ఉన్నదేమో చూసుకోవడం మొదటి జాగ్రత్త.