మా ఊరి ఫుట్‌బాల్ మైదానంలో కూర్చోవడానికి చోటేదీ?

కిందటి నవంబరులో మా నాన్నగారు గుంటూరు నుంచి వచ్చినప్పుడు, ఇంగ్లండు దాకా వచ్చి ఫుట్‌బాల్ చూడకుండా వెళ్తే ఎలా అని మేముండే ఊరి క్లబ్బు మ్యాచ్‌కి తీసుకెళ్ళాను. ప్రీమియర్ లీగ్ టికెట్లు ఓ పట్టాన దొరకవు, దొరికినా జేబుకి చిల్లే. ఇక్కడైతే గేటు దగ్గర డబ్బులిచ్చి నేరుగా లోపలికి పోవచ్చు.

ఇరవయ్యో నిమిషానికి వాన మొదలైంది. ఉన్న ఒక్క షెడ్డులో రెండు వరుసల కుర్చీలు, అవి అప్పటికే నిండిపోయాయి. టాయిలెట్ ఏమో అవతలి మూల. మూడు మెట్లెక్కాలి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. మోకాళ్ళ నొప్పులున్న నాన్నగారు హాఫ్‌టైమ్‌కే "ఇంటికి పోదాం పదరా" అన్నారు. తర్వాతి శనివారం పిలిస్తే "ఆట బాగానే ఉంది, నిలబడే ఓపికే లేదు" అని రాలేదు.

ఫుట్‌బాల్ పుట్టిన దేశంలో ఇదేమిటని నాకు అనుమానం వచ్చింది. కొంచెం చదివాక రెండు కారణాలు కనిపించాయి.

మొదటిది చట్టం. ఇక్కడి భద్రతా చట్టాలన్నీ ప్రమాదాల వెనకాలే వచ్చాయి. 1971లో గ్లాస్గోలోని ఐబ్రాక్స్ మైదానం మెట్ల మీద తొక్కిసలాటలో 66 మంది పోతే 1975 చట్టం వచ్చింది. అదీ పెద్ద మైదానాలకే. మూడో డివిజన్‌లో ఉన్న బ్రాడ్‌ఫర్డ్ సిటీ మైదానం దాని కిందికి రాలేదు. అక్కడి పాత చెక్క స్టాండు కింద ఏళ్ళ తరబడి చెత్త పేరుకుపోయింది. నిప్పు ప్రమాదం ఉందని 1984లోనే హెచ్చరిక వెళ్ళింది. 1985 మే 11న ఆ స్టాండు నిమిషాల్లో తగలబడి 56 మంది చనిపోయారు. పై డివిజన్‌కి వెళ్తున్నారు కాబట్టి కొత్త పైకప్పు కోసం తెప్పించిన సామాను అప్పటికే మైదానంలో ఉంది. ఆ సంగతి చదివాక నాకు ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత 1987 చట్టంతో, 500 మందికి పైగా పట్టే కప్పు ఉన్న స్టాండు ఏ మైదానంలో ఉన్నా స్థానిక కౌన్సిల్ దగ్గర భద్రతా సర్టిఫికెట్ తీసుకోవాలన్నారు. 1989 హిల్స్‌బరో దుర్ఘటన తర్వాత 1990లో వచ్చిన టేలర్ నివేదిక వల్ల పై రెండు డివిజన్లలో అందరికీ కుర్చీలొచ్చాయి. మా ఊరి షెడ్డులో వంద మంది కూడా పట్టరు. అంటే ఆ సర్టిఫికెట్టూ అక్కర్లేదు, ఆ కుర్చీల నిబంధనా వర్తించదు. మామూలు భద్రతా చట్టాలూ, లీగ్ వాళ్ళు మైదానానికిచ్చే గ్రేడూ మాత్రమే మిగులుతాయి. ఆ గ్రేడుకి కావలసిన కనీసం కుర్చీలు వేశాక క్లబ్బు అక్కడితో ఆగిపోతుంది.

రెండోది డబ్బు. 200 మంది వచ్చి తలా 10 పౌండ్లు ఇచ్చారనుకుందాం. 2,000 పౌండ్లు. అందులోంచే రిఫరీలు, ఫ్లడ్‌లైట్ల కరెంటు, ఇన్సూరెన్సు, బయట ఊళ్ళలో మ్యాచ్‌లకి బస్సు, గడ్డి పని. మిగిలేది ఏముంటుంది? పైగా చాలా మైదానాలు క్లబ్బు సొంతం కావు, లీజువి. లీజు నాలుగేళ్ళలో అయిపోతుందంటే షెడ్డు కట్టడానికి ఎవరూ ముందుకు రారు, గ్రాంటు ఇచ్చేవాళ్ళు కూడా. షెడ్డు లేక జనం రారు, జనం రాక షెడ్డు రాదు.

అయితే దారులు లేకపోలేదు. 2000లో మొదలైన ఫుట్‌బాల్ ఫౌండేషన్ ద్వారా ప్రీమియర్ లీగ్ స్టేడియం ఫండ్ అని ఒకటి చిన్న క్లబ్బులకి గ్రాంట్లు ఇస్తుంది. 2010 సమానత్వ చట్టం ప్రకారం వికలాంగులకి వీలైనంత వరకు తగిన ఏర్పాట్లు చేయాల్సిన బాధ్యత చిన్న క్లబ్బులకీ ఉంది.

ఇదంతా మనకెందుకు అంటారా? మన పిల్లలు చాలామంది ఈ క్లబ్బుల జూనియర్ టీముల్లోనే ఆడుతున్నారు. ఆదివారం పొద్దున్నే చలిలో వణుకుతూ గీత పక్కన నిలబడేది మనమే. మన సంఘం ఆటల పోటీలకి అద్దెకు తీసుకునేవీ ఇలాంటి మైదానాలే. ఈసారి బుక్ చేసే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి: వానొస్తే ఎంతమందికి నీడ ఉంది? మెట్లు ఎక్కకుండా టాయిలెట్‌కి వెళ్ళచ్చా? ఆట జరుగుతున్నంతసేపూ గేట్లు తాళం లేకుండా ఉంటాయా? షెడ్డు కింద ఏం సామాను పడేశారు?

నేను మా క్లబ్బు సెక్రటరీగారికి ఒక ఉత్తరం రాశాను. ఆయన జీతం లేకుండా పనిచేసే పెద్దాయన. తిట్టలేదు, విసుక్కోలేదు. ఒక శనివారం రమ్మన్నారు. ఇద్దరం, మరో ముగ్గురు వాలంటీర్లు కలిసి మెట్లకి కమ్మీ బిగించాం, షెడ్డులో ముందు వరుస ఆరు కుర్చీలు పెద్దవాళ్ళకని రాసిపెట్టాం. షెడ్డు పెద్దది కాలేదు. దానికి లీజు సంగతి తేలాలి.

ఫోన్‌లో చెప్తే నాన్నగారు "అయితే వచ్చే ఏడు చూద్దాంలే" అన్నారు.