తాళం తీసిన బీరువా

బాలలూ! మీ బడిలో పుస్తకాల బీరువా ఉన్నదా? దాని తాళం ఎన్నాళ్ళకొకసారి తీస్తారు? చిన్న తరగతుల వారికి పుస్తకం ఇంటికి ఇస్తారా?

“చిన్నపిల్లలు, చింపుతారు” అని పెద్దల భయం. ఈ భయం చాలా పాతది. పూర్వం ఐరోపాలో పుస్తకాలు అరుదు, ఖరీదూ ఎక్కువ. అందుచేత వాటిని గొలుసులతో అరలకు కట్టివేసేవారు. ఇంగ్లండులోని హెరిఫర్డ్ పట్టణపు చర్చిలో అటువంటి గ్రంథాలయం నేటికీ ఉన్నది. అచ్చుయంత్రం వచ్చి పుస్తకాలు పెరిగినవి, గొలుసులు పోయినవి. పుస్తకాలున్నది వాడుకోవడానికే అని మన ఎస్. ఆర్. రంగనాథన్‌గారు 1931లో మొదటి సూత్రంగా చెప్పారు.

అదే ఏడు సిరిసిల్ల ప్రాంతంలోని హనుమాజీపేటలో సి. నారాయణరెడ్డిగారు పుట్టారు. ఆయన చదువు ఉర్దూ మాధ్యమంలో సాగింది. అయినా హైదరాబాదులో, 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంలో ఎన్నో తెలుగు గ్రంథాలు చదివారు. మహాకవి అయి, 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం పొందారు. అక్కడి పుస్తకాలు తాళంలోనే ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి!

మరి చిరుగుల మాటేమిటి? సిరిసిల్ల మగ్గాన్ని చూడండి. పోగు తెగిందని నేతగాడు మగ్గం కట్టిపెట్టడు. ముడివేసి నేత సాగిస్తాడు. చిరిగిన పుటకూ అంతే, కాస్త మైదా గంజి చాలు.

నేను ప్రధానోపాధ్యాయుడుగా ఉన్నప్పుడు ఒకటో తరగతి నుంచే పుస్తకాలు ఇచ్చేవాణ్ణి. నియమాలు నాలుగే. ఒకరికి ఒకటే పుస్తకం. గడువు శనివారం నుంచి శనివారం దాకా. పద్దులో పేరు ఎవరిది వారే వ్రాయాలి. వ్రాయడం రానివారు బొమ్మ గీయాలి. పుస్తకం చిరిగితే దాచకుండా తెచ్చి చూపాలి. జరిమానా మాత్రం లేదు. జరిమానా పెడితే పిల్లలు చిరుగును దాస్తారు. లేకుంటే అతికించమని తెస్తారు.

తల్లిదండ్రులకు ఒక మాట. జగిత్యాలలోగాని, కోరుట్లలోగాని, సిరిసిల్లలోగాని మీరు కట్టే ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఉన్నది. కనుక ఊరి గ్రంథాలయం మీదే. మీ పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళండి. పుస్తకం ఇంటికి తెచ్చుకోవడానికి సభ్యత్వం ఎలాగో అడగండి. కొద్దిపాటి ధరావతు కట్టవలసివస్తే వెనుకాడకండి.

బాలలూ! మీరు కూడా గురువుగారిని అడగండి: “సార్, ఒక పుస్తకం ఇంటికి తీసుకుపోవచ్చునా?” ఇస్తే అట్ట వేసి, చేతులు కడుక్కొని చదవండి. గడువునాటికి తిరిగి ఇవ్వండి. ఆ పుస్తకం కోసం మీ స్నేహితుడు ఎదురుచూస్తూ ఉంటాడు.